నీలి పుట్టి పోయినది

పోయిన ఆదివారం మా ఆవిడ చీటీ రాసిచ్చింది. మెంతులు, ఇంగువ, గోరింటాకు పొడి, నీలి పొడి. ముందు గోరింటాకు పెట్టి, దాని మీద నీలి పెడితే తెల్లజుట్టు నల్లబడుతుందట. జుట్టు నాదే. ఇక్కడ సింగపూరులో, సెరంగూన్ రోడ్డు కొట్టువాడు ఆకుపచ్చ పొట్లం ఒకటి అందించి, "ఒరిజినల్ నీలి సార్, నో కెమికల్" అన్నాడు. ఆ పొట్లం చేత్తో పట్టుకుని ఎంతసేపు నిలబడిపోయానో తెలియదు. వెనకాల పెద్దావిడ తన బండితో నా మడమ మీద ఒకటి పొడిచింది. జరిగాను. నీలి పొడి మాత్రం కొనలేదు. దొరకలేదని ఇంట్లో చెప్పాను. నీలి అనే మాట విషయంలో నేనాడిన అబద్ధాల్లో ఇది చాలా చిన్నది.

పెద్దవాటి గురించి రాద్దామని కూర్చున్నాను. ఎవరికి ఆ అబద్ధాలు చెప్పానో ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన కూతురికి తెలుగు మాట్లాడటం వచ్చు గాని చదవడం రాదు. ఆ ధైర్యంతోనే తెలుగులో రాస్తున్నాను. నా సంగతి ఇలాంటిదని ముందే చెప్పేస్తే మంచిది.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచమంతా హడలిపోతున్న రోజులవి. ఆ హడలు పుణ్యమా అని నాలాంటివాళ్ళం విమానాలెక్కి ఇక్కడ దిగాం. పగలు సైన్స్ పార్కులో ఆఫీసు, మిగతా వేళ బుకిట్ పంజాంగ్‌లో నలుగురం కలిసి అద్దెకున్న ఫ్లాటు. ఒక సాయంత్రం లిఫ్టు కదలదు. చారల చొక్కా వేసుకున్న పెద్దాయన ఒకాయన తలుపు మధ్య నిలబడి సంచీలో ఏదో వెతుక్కుంటున్నాడు. నేను ఫోనులో మా రూమ్మేటుతో, "వస్తున్నా రా బాబూ. ఇక్కడొక ముసలాడు తలుపుకి అడ్డంగా పాతుకుపోయాడు. వీడు కదిలితేగాని లిఫ్టు కదలదు" అన్నాను.

పెద్దాయన ఒక అడుగు లోపలికి వేశాడు. "ముసలాడు జరిగాడు. ఇంక పోవచ్చు తంబీ" అన్నాడు, తెలుగులో.

నేను ఫోను పెట్టేశాను. ఆయన కుడిచెయ్యి భుజం దాకా ఎత్తి, బళ్ళో హాజరు పలికినట్టు, "తప్పు నాదే లా. తాళంచెవి కనబళ్ళేదు" అన్నాడు. తిట్టింది నేను, చెయ్యెత్తింది ఆయన.

ఆ చెయ్యెత్తడం ఆయన రోజుకి పదిసార్లయినా చేసేవాడు. పక్కబల్ల దగ్గర చైనా అవ్వ కాఫీ ఒలకబోసుకున్నా, వాన పడినా, నాకు బస్సు తప్పిపోయినా, "తప్పు నాదే." నవ్వులాటకి కాదు, మామూలుగానే అనేవాడు. వాన పడితే మీ తప్పేమిటని ఒకసారి అడిగాను. ఆయన హార్బరు గిడ్డంగిలో నలభై ఏళ్ళు పనిచేశాడు. బస్తా ఏదైనా చిరిగిందంటే, ఎవడు చేశాడో తేలేదాకా మేస్త్రీ ఎవర్నీ తిండికి వదిలేవాడు కాదట.

"పద్దెనిమిది మందిమి ఎండలో నిలబడాల. ఎవడో ఒకడు చెయ్యెత్తితే సుదా, అయిపోయింది, అందరూ మకాన్‌కి పోవచ్చు. నేనే ఎత్తేవాణ్ణి. తిట్లు ఒక నిమిషం లా. ఆకలి గంట."

ఆయన పుట్టింది ఇక్కడే. ఆయన తండ్రి పుట్టిందీ ఇక్కడే. బళ్ళో చదివింది అరవం, ఇంగ్లీషు. తెలుగు ఇంట్లో చెవులతో పట్టుకున్నదే. అందుకని అది ఒకచోట నూరేళ్ళనాటి తెలుగు, ఇంకోచోట అరవం, మలయా మాటలతో అతుకులు వేసిన తెలుగు, చివర ఇక్కడ అందరూ ఊతపదంగా తగిలించే "లా". ఆయనకి హార్బరు "రేవు", మా ఆఫీసు "కచేరీ". "కచేరీలో దొర మంచివాడేనా?" అని అడిగేవాడు. మా మేనేజరు నాకంటే రెండేళ్ళు చిన్నదైన ఫిలిప్పీన్స్ అమ్మాయి. దొర మంచిదేనని చెప్పేవాణ్ణి.

మొదట్లో ఆయన్ని అంకుల్ అన్నాను. ఒప్పుకోలేదు. "అంకుల్ ఏంది? ఇక్కడ బస్సు తోలేవాడూ అంకులే, చేపలమ్మేవాడూ అంకులే. నీకు తెలుగుంది కదా, దాన్ని వాడు. పెదనాయనా అను." అలాగే అనేవాణ్ణి.

పెదనాయన దేన్నైనా ముందు వాసన చూసేవాడు. బస్తా మీద ముక్కుపెట్టి మిరియాలు ఏ దేశానివో చెప్పగలనని ఆయన గొప్ప. నేను ఊరినుంచి తెచ్చిన ఆవకాయ సీసా మూత తియ్యకుండానే వాసన చూసి, నూనె పాతదన్నాడు. మా అమ్మకి ఆ సంగతి నేను చేరవెయ్యలేదు. నా కొత్త ల్యాప్‌టాప్‌ని కూడా వదల్లేదు. మూత తెరిచి, మీటల మీద ముక్కు ఆనించి, "ఏం లేదు. ఇందులో ఏం లేదు తంబీ" అని తేల్చేశాడు.

పరిచయమైన మూడు నెలలకి కాబోలు, ఒక శనివారం పొద్దున హాకర్ సెంటరుకి రమ్మన్నాడు. తిండి కొట్ల మధ్య మూల బల్ల ఒకటి చూసి, దాని మీద గొడుగు పెట్టి, ఇంకెవరూ కూర్చోకుండా పట్టి ఉంచాడు. నేను వెళ్ళాక బల్లని టిష్యూతో రెండుసార్లు తుడిచాడు. తడి ఆరిందో లేదో అరచెయ్యి వేసి చూశాడు. అప్పుడు సంచీలోంచి ప్లాస్టిక్ అట్టలాంటిది తీసి నా ముందు పెట్టాడు. అదొక ఉత్తరం. గోధుమరంగు కాగితం, మడతల గుర్తులు, రెండువైపులా రాత. చిరిగిపోతుందని ఎవరో చెబితే వీధి చివర కొట్టులో లామినేషన్ చేయించాడట.

"వాసన పోయింది. అంతకుముందు కొంచెం ఉండేది. తప్పు నాదే" అన్నాడు.

అది ఆయన ముత్తాతకి కాకినాడ దగ్గర కోరంగి నుంచి వచ్చిన ఉత్తరం. నూటపాతికేళ్ళ నాటి మాట. ముత్తాత కోరంగి నుంచి సరుకుతో ఓడలో సింగపూరు వచ్చి, మళ్ళీ వెళ్ళలేదు. ఇక్కడే పెళ్ళి చేసుకుని, ఇక్కడే పోయాడు. అక్కడినుంచి వచ్చిన ఉత్తరాల్లో మిగిలింది ఇదొక్కటే.

"కోరంగి అంటే మా తాత లేచి బయటికి పోయేవాడు. ఏదో చేసి వచ్చాడు, అందుకే ఆ మొహం మళ్ళీ అక్కడ చూపించలేదు, అని మా నాయనమ్మ గొణిగేది. మా నాయన పోయేముందు ఇది నా చేతిలో పెట్టి చదివించమన్నాడు. నాకు ఆ ఊరు చూడాలని ఉంది తంబీ. పాస్‌పోర్టు కూడా తీసి పెట్టుకున్నా. కాని మనం పోవచ్చా, కూడదా? పోతే రానిస్తారా? ఇందులో ఉంటాది కదా."

ఆయనకి కావలసింది అదొక్కటే. పోవచ్చా, కూడదా. అది చదివి చెప్పేవాడి కోసం ఏళ్ళతరబడి వెతుకుతున్నాడు. అరవ పంతులుకి చూపించాడు. గుళ్ళో పూజారికి చూపించాడు. కంప్యూటర్ల కోసం నాలాగే వచ్చిన తెలుగు కుర్రాళ్ళు ఇద్దరికి చూపించాడు. ఇది మాకు రాదని అందరూ చెప్పేశారు. వాళ్ళందరూ నాకంటే మర్యాదస్తులు.

అది గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా ఒక అక్షరంలోంచి ఇంకో అక్షరంలోకి అల్లుకుంటూ పోతారు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. వాక్యం ఎక్కడ ఆగిందో గుర్తుండదు. అలాంటి కాగితం నేనంతకుముందు ఒక్కసారి చూశాను, దూరంనుంచి. కాని కాలేజీలో తెలుగు వ్యాసరచనలో మొదటి బహుమతి నాది. మా ఫ్లాటులో నన్ను పండితుడనేవారు, నేనూ కాదనేవాణ్ణి కాదు. అలాంటివాణ్ణి ఒక పెద్దాయన ముందు నాకు రాదని ఎలా అంటాను? "ఇటివ్వండి" అన్నాను.

మొదటి రెండు పంక్తులు నడిచాయి. చిరంజీవి తమ్మునికి అన్న దీవించి వ్రాయడమేమనగా, ఇక్కడ అందరమూ క్షేమము. అది చూడకుండానైనా చెప్పొచ్చు. ఆ తరవాత అంతా ముడి. ఆ ముడిలో ఒకచోట "అమ్మ" కనబడింది, ఒకచోట "వ్రాసినావు", చివర "రావలెను". ఒక్క పంక్తిలో మాత్రం సిరా బాగా పట్టి, మూడు మాటలు అచ్చు వేసినట్టు విడిగా ఉన్నాయి. కనబడ్డాయి కదా అన్న సంబరంలో పైకి చదివేశాను.

"నీలి పుట్టి పోయినది."

పెదనాయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "నీలి ఎవరు?"

"ఆడపిల్ల. పుట్టి, పోయింది."

"ఎవరి పిల్ల?"

"మీ ముత్తాతగారిదే" అన్నాను. అనుకుంటాను, అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ ఒక్క మాట బయటికి వదిలి ఉంటే ఇవాళ ఇది రాయవలసిన పని ఉండేది కాదు. వదలకపోగా, కనబడ్డ మూడు మాటలకి ముప్ఫై మాటలు అతికించాను. పిల్ల పోయిన దుఃఖంలో ఇల్లాలు ఉంది, అమ్మ రోజూ అడుగుతోంది, ఓదార్చడానికైనా వెంటనే రావలెనని అన్న రాశాడు, అని గొంతు కొంచెం వణికించి మరీ చెప్పాను. ఆ వణుకు గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు కాలతాయి.

పెదనాయన ఉత్తరాన్ని తన వైపు తిప్పుకుని చాలాసేపు చూశాడు.

"అయితే అక్కడ ఒక పెళ్ళాం ఉండింది. బిడ్డ పుట్టింది, పోయింది. రమ్మని రాశారు. పోలేదు. ఇక్కడ ఇంకో పెళ్ళి చేసుకున్నాడు." ఒక్కొక్క మాటా బస్తా దింపినట్టు దింపాడు. తరవాత చెయ్యెత్తాడు. "తప్పు మాదే తంబీ."

అప్పటిదాకా నాదే అనేవాడు. మాదే అనడం అదే మొదటిసారి వినడం.

నేనింకా హుషారులోనే ఉన్నాను. "పోనీండి, ఎప్పటి మాటో. మనం కోరంగి వెళ్దాం, నేను తీసుకెళ్తాను" అన్నాను.

"ఏ మొహంతో లా?" అన్నాడు. "బిడ్డ చచ్చినా రానోడి వంశం మేం. వాళ్ళ గడప ఎట్టా తొక్కేది?"

పోవచ్చా కూడదా అన్నదానికి ఆయనకి జవాబు దొరికిపోయింది. ఇచ్చింది నేను.

ఆ తరవాత ఆయన పిల్లకి ఏదైనా చెయ్యాలన్నాడు. మన వైపు ఆడపిల్లకి ఏం పెడతారని అడిగాడు. చలిమిడి పెడతారు, కొత్త బట్ట పెడతారు అని చెప్పాను. ఉత్తరం మీద శ్రావణమని ఉండటం నేను చదవగలిగాను, అది మాత్రం నిజంగానే ఉంది. ఏటా శ్రావణమాసంలో ఒక శుక్రవారం ఆయన సెరంగూన్ రోడ్డుకి వెళ్ళి చిన్న గౌను ఒకటి కొనేవాడు. బియ్యప్పిండీ బెల్లమూ కలిపి తనే చలిమిడి చేసేవాడు. అది పళ్ళు ఊడేంత గట్టిగా ఉండేది. గౌను ఆ బ్లాకులో ఏ పసిపిల్లకైనా ఇచ్చేవాడు, చైనా పిల్లయినా సరే, మలయా పిల్లయినా సరే. ఎందుకిస్తున్నావని ఎవరైనా అడిగితే, "మా ఇంటి పిల్లది. మేం చూడ్డానికి పోలేదు" అనేవాడు. ఏ భాషలో అడిగితే ఆ భాషలో చెప్పేవాడు. ఆయనతోపాటే ఉండే కూతురూ అల్లుడూ, మనవలిద్దరూ కూడా ఆ శుక్రవారం మాంసం తినేవారు కాదు.

ఇంకోపక్క నా పేరు పాకిపోయింది. నూరేళ్ళ నాటి రాత చదివిన తంబీ అని పెదనాయన కనబడినవాళ్ళందరికీ చెప్పాడు. ఆదివారాలు పిల్లలకి తెలుగు చెప్పమని ఇక్కడి మనవాళ్ళు అడిగితే ఒప్పుకున్నాను. పాతరాతల గురించి మాట్లాడమంటే మాట్లాడాను, ఆ ఉత్తరం జిరాక్సు కాగితం చేత్తో పట్టుకుని. ఆయన మనవలు నా క్లాసుకి వచ్చేవారు. ఆయన కూతురు నాకంటే పదేళ్ళు పెద్దది, నన్ను మాస్టారూ అనేది.

నాలుగేళ్ళు గడిచాయి. నాకు పెళ్ళయింది, యూ టీ అనే పేటలో ఫ్లాటు తీసుకున్నాం, అమ్మాయి పుట్టింది. పురుడుకి అత్తగారూ మామగారూ కాకినాడ నుంచి వచ్చారు. మామగారు కలెక్టరాఫీసు రికార్డు రూములో పనిచేసి రిటైరైన మనిషి. సింగపూరులో చూడవలసినవన్నీ నాలుగు రోజుల్లో చూసేశారు. ఐదోరోజు మధ్యాహ్నం, చదవడానికి ఏమీ దొరక్క, నా ఫైలులోంచి ఆ జిరాక్సు తీసి కళ్ళజోడు పెట్టుకున్నారు. పేపరు చదివినంత తేలిగ్గా, పైకే చదువుకుంటూ పోయారు.

"అమ్మకు చలిజ్వరం తగ్గినది. చెల్లెలికి వైశాఖమందు మొగపిల్లవాడు కలిగినాడు. నీవు పంపిన లవంగములు, జాజికాయలు చేరినవి. ఓడలోకి ఉప్పునీరు వచ్చి నీలి పుట్టి పోయినది అని నీవు వ్రాసినందుకు నేను కోపించలేదు. సముద్రము చేసినదానికి నీవేమి చేతువు. నా మొగము చూపలేనని వ్రాసినావు. అది మాట కాదు. నీకు సంబంధములు చూచుచున్నాము. అమ్మ ప్రతి ఓడకును రేవుకు పోయి చూచుచున్నది. నీవు వెంటనే బయలుదేరి రావలెను."

కళ్ళజోడు తీసి, "పాపం, మంచి అన్న" అన్నారు.

"నీలి అంటే..." అన్నాను. 

"నీలిమందండీ అల్లుడుగారూ. బట్టలకి రంగేసేది. మన వైపునుంచి ఓడల్లో పోయేది కదా. పుట్టి అంటే తూకం. ఇరవై మణుగులు. పుట్టెడు అనమూ? ఆ కుర్రాడు అన్నగారి సరుకు నీళ్ళపాలు చేశానని బెంగపెట్టుకుని అక్కడే ఉండిపోయినట్టున్నాడు. ఏం ఫర్వాలేదు, వచ్చెయ్యమంటున్నాడీయన."

పుట్టెడు దుఃఖమని ఎన్ని వ్యాసాల్లో రాశానో నేను. నీలాపనింద అనే మాట కూడా చాలాసార్లు రాసి ఉంటాను. పెళ్ళే కాని కుర్రాడికి ఒక పెళ్ళాన్నీ, ఒక చచ్చిన బిడ్డనీ అంటగట్టి, వాళ్ళని వదిలేసినవాడని ముద్రవేశాను. అన్నిటికంటే నన్ను కోసింది వేరే ఉంది. పెదనాయన నలభై ఏళ్ళు తూకాల మధ్య బతికినవాడు. పుట్టి అంటే ఏమిటో నాకు సరిగ్గా తెలియదు పెదనాయనా అని ఆ రోజు నేనొక్క మాట అని ఉంటే, ఆయనే తేల్చేసేవాడేమో.

ఆ వారం లోపే పెదనాయన వచ్చాడు. శ్రావణమాసం. బుకిట్ పంజాంగ్‌లో చిన్న రైలెక్కి, చోవా చు కాంగ్‌లో పెద్ద రైలు మారి, ఎండలో నడిచి, చంకలో పొట్లంతో వచ్చి తలుపు దగ్గర చెప్పులు విడిచాడు. తెలుపు మీద పసుపు పువ్వుల గౌను. పాపని ఒళ్ళో పడుకోబెట్టుకుని, దాని మాడు వాసన చూసి, కళ్ళు మూసుకున్నాడు.

"ఈ ఏడు నీలి గౌను నీ బిడ్డకే తంబీ. నీవల్లనే కదా నీలి మాకు తెలిసింది." మామగారి వైపు తిరిగాడు. "మీ అల్లుడు మా ఇంటి బిడ్డని మాకు చూపించాడండీ. లేకుంటే ఎవరూ తలవకుండా పోయుండేది."

మామగారు ఆ గౌను చూశారు. ఆయన్ని చూశారు. తరవాత నన్ను చూశారు. సంగతంతా అర్థమైపోయింది. చాలా నెమ్మదిగా, "అల్లుడుగారూ, మీరు చెబుతారా?" అన్నారు.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. ఉత్తరం బల్ల మీదే ఉంది. చదివేవాడు ఎదురుగానే ఉన్నాడు. వినవలసినవాడి పాస్‌పోర్టుకి ఇంకా గడువుంది.

"మామయ్యగారూ, పాలు పొంగుతున్నట్టున్నాయి, కొంచెం చూస్తారా" అన్నాను.

ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళారు. పొయ్యి మీద ఏమీ లేదు. కాసేపు అక్కడే నిలబడి, వచ్చి మళ్ళీ కూర్చున్నారు. పెదనాయన వెళ్ళేదాకా కాకినాడ సంగతులు చెప్పారు. ఆయన్ని లిఫ్టు దాకా దింపి వచ్చి, నాతో అన్నారు. "రికార్డు రూములో తప్పు చదివినవాళ్ళని చూశానండీ. నేనూ చదివాను. తప్పని తెలిశాక కూడా దాన్ని అలాగే ఫైల్లో ఉంచినవాళ్ళనీ చూశాను." ఆ తరవాత ఊరికి వెళ్ళేదాకా నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. గారు మాత్రం ఎప్పుడూ తగ్గించలేదు, అదింకా బాధ.

చెబుదామనుకోకపోలేదు. వచ్చే వారం, పరీక్షలయ్యాక, పాప నడిచాక. ఒక ఆదివారం క్లాసు కాగానే సరాసరి వెళ్ళాను కూడా. బ్లాకు కింద ఖాళీ జాగాలో పెదనాయన నలుగురు ముసలివాళ్ళతో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, తన కుర్చీ నాకిచ్చి, "మా మాస్టరు" అని వాళ్ళకి మలయాలో చెప్పాడు. వాళ్ళూ లేవబోయారు. మకాన్ అయిందా అని అడిగాడు. అయిందన్నాను. వాతావరణం గురించి మాట్లాడి వచ్చేశాను. ఆయన పాస్‌పోర్టు గడువు ముగిసింది. మళ్ళీ తీయించుకోలేదు. ఎందుకని అడగాల్సిన అవసరం నాకు లేదు.

నాకు నిజం తెలిశాక అలా ఆరు శ్రావణాలు వెళ్ళాయి. ఆరు గౌన్లు. ఏడోది రాకముందే, ఒక మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

ఇక్కడి పాత కుటుంబాల్లో పదహారో రోజు కర్మ చేస్తారు. బ్లాకు కింద బల్లలు వేసి, అరిటాకులు పరిచారు. చైనా అవ్వలు కూడా వచ్చి కూర్చున్నారు. ఆయన కూతురు ఆ ప్లాస్టిక్ ఉత్తరం తెచ్చి నా చేతికిచ్చింది.

"మాస్టారూ, పిల్లలకి ఒక్కసారి చదివి చెప్పండి లా. తరవాత నాన్న ఫోటో పక్కన పెట్టేస్తాం."

ఇక ఆయన లేడు కదా అనే ధైర్యమో, ఆయన ఫోటో ఎదురుగా ఉందన్న భయమో తెలియదు. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదివాను. చలిజ్వరం, లవంగాలు, ఉప్పునీరు, కోపించలేదు, అది మాట కాదు, అమ్మ ప్రతి ఓడకును రేవుకు పోయి చూచుచున్నది. చదివి, అర్థం కూడా చెప్పాను. నీలి అంటే రంగు, పుట్టి అంటే తూకం.

పెద్ద మనవడు ముందు తేరుకున్నాడు. "వేర్ గాట్ బేబీ?" అన్నాడు తల్లితో. పాప లేదు కదా, అని.

ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. "పాప లేదా మాస్టారూ?"

"లేదక్కా. నేను తప్పు చదివాను."

"మా తాతకి తాత ఏ తప్పూ చేయలేదా?"

"చేయలేదు. రమ్మని రాశారు."

"అయితే నాన్న పోయుండొచ్చు. ఆ ఊరికి."

"పోయుండొచ్చు."

ఆవిడ ఏడవలేదు. ప్లాస్టిక్ మీద పడిన పసుపు మరక చీరకొంగుతో తుడిచింది. కాసేపటికి అడిగింది. "మీకు ఎప్పుడు తెలిసింది?"

మా అమ్మాయి అక్కడే, ఆ బ్లాకు పిల్లలతో కుర్చీల మధ్య పరిగెడుతోంది. దాని వయసెంతో నాకు తెలిసి అన్నేళ్ళు. లెక్కపెట్టుకోవలసిన పని కూడా లేదు.

"మొన్ననే అక్కా" అన్నాను. "ఊళ్ళో ఒక పెద్దాయనకి చూపిస్తే చెప్పాడు."

"అయ్యో" అంది. నా రెండు చేతులూ పట్టుకుంది. "ఇంకో నెల ఉండుంటే నాన్నకీ తెలిసేది, పాపం. మీరేం చేస్తారు మాస్టారూ. తెలియగానే వచ్చి చెప్పారు, అదే చాలు. రండి, ఆకు వేశాం, మీరు కూర్చోకపోతే నాన్నకి నచ్చదు."

కూర్చున్నాను. తిన్నాను. ఆవిడే వచ్చి ఇంకో గారె వేస్తుంటే వద్దనలేదు.